శివారు మడి

మా కాలేజీ సావనీరుకి ఏదైనా వ్రాసిమ్మని యూనియన్ మిత్రులు నా వెంటపడి నెల రోజులయింది. "బి.జడ్.సి. వాడివి కదా, ఏదో ఒక సైన్సు వ్యాసం గిలికెయ్" అన్నారు. సైన్సు వ్యాసాలు లైబ్రరీలో బోలెడున్నాయి, వాటినే తిప్పి వ్రాయడం నాకిష్టం లేదు. నేను చెప్పగలిగిందల్లా నిరుడు మా అమ్మ పొట్టమీద పద్నాలుగు వారాలు మానకుండా కూర్చున్న ఒక గాయం గురించి, దానికి ముందు నేనాడిన ఒక అబద్ధం గురించి. మిత్రులు విసుక్కోవద్దని మనవి.

మాది శ్రీకాకుళం జిల్లా. గొట్టా బ్యారేజీ దగ్గర బయల్దేరే వంశధార ఎడమ కాలువ కింద మాకు రెండెకరాల చిల్లర ఉంది. కాలువ కింద అని చెప్పుకోవడమే గాని మాది పిల్లకాలువ చిట్టచివర శివారు మడి. పైవాళ్ళ పొలాలన్నీ తడిసి, మిగిలితే మాకు నీళ్ళు. పైన ఎవడైనా తూముకి రాత్రిపూట గడ్డి అడ్డం పెట్టాడంటే తెల్లారేసరికి మొదట నెర్రెలిచ్చేది మా మడే. ఈ శివారు సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దీనితో పనుంది.

మా అమ్మకి నేను నాలుగో కాన్పు. నేను పుట్టాక ఆమె పొట్ట మళ్ళీ సర్దుకోలేదు. పొట్ట మధ్యన నిలువుగా ఉండే రెండు కండరాలూ ఎడంగా జరిగిపోయి, బొడ్డు దగ్గర సందు పడింది. దగ్గినా, బరువెత్తినా ఆ సందులోంచి కోడిగుడ్డంత బుడిపె పైకి పొడుచుకొచ్చేది. కింద చర్మం మడతపడి వేలాడేది. ఆ మడతలో చెమటకి ఒరుసుకుని ఎండాకాలమంతా పుళ్ళు. ఇరవై ఏళ్ళపాటు పాతచీర ముక్క పొట్టకి బిగించి కట్టుకునే ఊడుపులకీ కోతలకీ వెళ్ళింది. ఆ గుడ్డ ఎందుకో నేనెన్నడూ అడగలేదు. అందరమ్మలూ అలాగే కట్టుకుంటారనుకున్నాను కాబోలు.

నిరుడు సంక్రాంతి వెళ్ళి ధాన్యం డబ్బు చేతికొచ్చాక ఒక ఆసుపత్రికి తీసుకువెళ్ళాం. సర్జనుగారు చూసి, కండరాలు దగ్గరికి కుట్టి, బలానికి వలలాంటి మెష్ వేసి, వేలాడే చర్మాన్ని కూడా తీసేస్తామన్నారు. పట్నాల్లో డబ్బున్నవాళ్ళు అందం కోసం చేయించుకునే 'టమ్మీ టక్' ఇంచుమించు ఇదేనని నవ్వుతూ చెప్పారు. ఆ మాట ఎలా పాకిందో మా ఊరికి పాకింది. "ఈ వయసులో దీనికి సోకులేటే" అని చెరువు గట్టుమీద అన్నవాళ్ళున్నారు. వాళ్ళెవరూ ఆ పాతచీర ముక్కని ఉతికినవాళ్ళు కారు.

ఇక అబద్ధం సంగతి. కేసు షీటు నింపుతూ డాక్టరుగారు "షుగరుందా? బి.పి. ఉందా? పొగ తాగే అలవాటు...?" అని అడిగారు. నాన్న బయట మందుల చీటీ పట్టుకుని నిలబడ్డాడు. నేనే అమ్మ పక్కనున్నాను.

మా అమ్మ అడ్డపొగ తాగుతుంది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం. మా వైపు ఆడవాళ్ళలో ఇది వింతేం కాదు. గాలికీ వానకీ నిప్పు ఆరదని, పొలంలో వంగి పనిచేస్తున్నా బూడిద రాలదని చెబుతారు. 1971లో అచ్చయిన ఒక పరిశోధన కోసం మా జిల్లాలో 10,169 మంది పల్లెజనం అంగిళ్ళు పరీక్షించారట. కేన్సరు భయం అంగిట్లోనే గనుక. మా అమ్మమ్మ తాగింది, అమ్మ పన్నెండో ఏట ఊడుపుల్లో నేర్చుకుంది. ఇంట్లో దాన్నెవరూ తప్పు పట్టలేదు. కాని ఆ గదిలో, ఆ తెల్లకోటు ముందర, పక్కన మా ఈడు హౌస్‌సర్జను అమ్మాయి ఒకతె నిలబడి ఉండగా, నాకు చచ్చేటంత సిగ్గేసింది.

"లేదు సార్" అన్నాను.

ఆడమనిషి గనుక ఆయన కూడా రెట్టించలేదు. అమ్మ నావైపు ఒక్కసారి చూసి, తల వంచుకుని కాలి మట్టెలు చూసుకుంది.

ఆపరేషను బాగానే జరిగింది. ఈ తుంటినుంచి ఆ తుంటిదాకా ఒకటే కుట్టు, రెండు పక్కలా నెత్తురునీరు లాగే గొట్టాలు. కుట్టు లాక్కుపోకుండా కొన్నాళ్ళు నడుం వంచి నడవమన్నారు. బెల్టు కట్టారు. బిందె ఎత్తకూడదన్నారు. వార్డులో ఉన్న ఆరురోజులూ చుట్ట లేదు. ఇంటికొచ్చిన సాయంత్రమే పెరట్లో పొగ లేచింది. నేను చూసీ చూడనట్టు హాస్టలుకి వచ్చేశాను.

పదో రోజున కుట్టు నడిమధ్యన అంచు నీలంగా మారిందనీ, తరవాత నల్లబడిందనీ మా అప్ప ఫోను చేసింది (అక్కని మేము అప్ప అంటాం). మూడో వారానికి ఆ నల్లటి భాగం తీసేయాల్సి వచ్చింది. మిగిలింది ఏడు సెంటీమీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పు గుంట. మళ్ళీ కుట్టెయ్యండి సార్ అని నాన్న బతిమాలాడు. పైన మూసేస్తే లోపల చీము పడుతుందనీ, అడుగునుంచి దానంతటదే పూడుకుంటూ రావాలనీ చెప్పారు. సెలైనులో తడిపిన గాజుగుడ్డ రోజూ మార్చడం అప్ప వంతు. శని, ఆదివారాలు నా వంతు.

కన్నతల్లి పొట్టమీది గాయాన్ని మొదటిసారి విప్పి చూసినప్పుడు నా చేతులు వణికాయి. ఆమె మాత్రం ఇంటికప్పు కేసి చూస్తూ "పెసలు కోసీసినారేటి? గేదె పాలెన్నిస్తంది?" అని నన్నే పలకరించింది.

మూడో వారం, నాలుగో వారం, అయిదో వారం. స్కేలు పెట్టి కొలిచి నోటుబుక్కులో వేసుకునేవాణ్ణి. ఏడూ నాలుగూ, ఏడూ నాలుగూ. దిష్టి అన్నారు ఊళ్ళో. మా మామ్మ పథ్యం మరింత బిగించింది. పప్పు తింటే చీము, గుడ్డు వేడి, వంకాయ దురద, చేప నీచు. చారన్నమూ కాల్చిన వెల్లుల్లీ తప్ప పళ్ళెంలో మరేం పడలేదు. మామ్మని అని లాభం లేదు, ఆవిడ ప్రేమంతా ఆ పథ్యంలోనే ఉంది. పప్పు పెట్టమని ఆసుపత్రిలో కూడా మాకెవరూ చెప్పలేదు. ప్రొటీను గురించి పరీక్షలో నాలుగు పేజీలు వ్రాసి వచ్చిన నేను మా ఇంట్లో నోరెత్తలేదు.

ఆరో వారం లైబ్రరీలో కూర్చుని గాయాలు మానడం గురించి దొరికినవన్నీ చదివాను. ఒకచోట క్రాండన్ అనే అమెరికన్ సర్జను కథ ఉంది. 1939లో ఆయన తనమీద తనే ప్రయోగం పెట్టుకుని ఆరు నెలలు విటమిన్ సి బొత్తిగా లేని తిండి తిన్నాడు. మూడో నెలలో వీపుమీద కోయించుకున్న గాయం మామూలుగా మానింది. ఆరో నెలలో కోయించుకున్నది పైకి మూసుకున్నా లోపల అతుక్కోలేదు. విటమిన్ ఎక్కించాక మానింది. చర్మాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ తయారీకి ఆ విటమిన్ కావాలి మరి. ఇంకోచోట ఇంకా వింత. 1740లో బయల్దేరిన ఆన్సన్ నౌకాయాత్రలో స్కర్వీ వచ్చిన ఒక నావికుడికి యాభై ఏళ్ళ కిందట, 1690 నాటి యుద్ధంలో తగిలి మానిన గాయం మళ్ళీ తెరుచుకుందట! అంటే మచ్చ కట్టిందని మనం మరిచిపోతాం గాని, శరీరం ఆ చోటుని ఏళ్ళ తరబడి కడుతూనే ఉంటుందన్నమాట. అంతా చేసి, మచ్చకి పాత చర్మం బలంలో నూటికి ఎనభై వంతులకి మించి రాదు.

ఇదంతా చదువుతూంటే బాగానే ఉంది. ఆ తరవాత మా అమ్మకి జరిగిన ఆపరేషను బొమ్మ వచ్చింది. బొడ్డు పైనున్న చర్మాన్ని కండరాల మీదనుంచి విడదీసి, దుప్పటి లాగినట్టు కిందికి లాగి కుడతారు. అలా విడదీసినప్పుడు కండరాల్లోంచి నిలువుగా చర్మంలోకి వచ్చే సన్న నాళాలు చాలా తెగుతాయి. ఇక పక్కలనుంచి పాకివచ్చే నెత్తురే ఆధారం. అది అన్నిటికంటే ఆఖర్న చేరేది కింది అంచు నడిమధ్యకి. సరిగ్గా అమ్మకి నల్లబడిన చోటు. అది శివారు మడి! పొగాకులోని నికోటిన్ ఆ నాళాలని ముడుచుకుపోయేలా చేస్తుంది, పొగలోని కార్బన్ మోనాక్సైడు నెత్తురులో ఆక్సిజన్ చోటుని ఆక్రమిస్తుంది. అందుకే ఇలాంటి ఆపరేషనుకి కొన్ని వారాల ముందే పొగ మానిపిస్తారని కింద వ్రాసి ఉంది. ఆ వాక్యం చదివి పుస్తకం మూసేశాను. పైన తూముకి గడ్డి అడ్డం పెట్టినవాణ్ణి నేనే.

మర్నాడు ఒక్కణ్ణే వెళ్ళి డాక్టరుగారికి చెప్పాను. తిడతారనుకున్నాను. తిట్టలేదు. "ఎన్నేళ్ళనుంచి?" అన్నారు. "ముప్ఫై అయిదేళ్ళు సార్." కలం బల్లమీద పెట్టి కొంతసేపు ఊరుకున్నారు. "ముందే తెలిస్తే నెలరోజులు మానిపించి చేసేవాణ్ణి. చర్మం కూడా ఇంత లాగేవాణ్ణి కాదు" అన్నారు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ శనివారం కట్టు మారుస్తూ అమ్మకి చెప్పాను. అబద్ధం ఎందుకాడానో కూడా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"నాకు లేని సిగ్గు నీకెందుకు నాయినా?" అంది చివరికి.

దానికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

చుట్టలకట్ట తనే తీసి మామ్మకిచ్చేసింది. మామ్మ దాచి తనే తాగేసింది, అది వేరే సంగతి. నాలుక పీకినప్పుడల్లా వేయించిన చింతపిక్కలు బుగ్గన పెట్టుకునేది. రాత్రిళ్ళు చిరాకుపడేది, నాన్నమీద గిన్నె విసిరింది కూడా. ఆ వారమే నేనూ అప్పా మామ్మతో పోట్లాడి పప్పూ, రెండేసి గుడ్లూ, జామకాయలూ పెట్టించాం. "సచ్చిపోతే నాను సూడను" అని మామ్మ రెండు రోజులు అన్నం మానేసింది.

ఎనిమిదో వారంలో కొలత అయిదూ రెండున్నర. గుంట అడుగున ఎర్రగా, దానిమ్మగింజల్లా కొత్త కండ. అది చూసి నేను కేకేస్తే ఏదో అయిందని నాన్న పరుగెత్తుకొచ్చాడు. పదకొండో వారంలో రెండున్నరా ఒకటి. చుట్ట మానడం వల్లనా, పప్పూ గుడ్డూ వల్లనా, లేక దాని టైము వచ్చి అదే మానిందా? అన్నీ ఒకే వారంలో మార్చేశాం గనుక నేను చెప్పలేను. ప్రాక్టికల్స్‌లో ఇలా చేస్తే మా లెక్చరరుగారు సున్నా చుట్టి ఉండేవారు.

పద్నాలుగో వారం, తొలకరి పడ్డాక, గాయం మూసుకుంది. మధ్యన నక్షత్రంలా ముడుచుకుపోయిన మచ్చ, అంత అందమైనదేం కాదు. నారుమడి దున్నుతున్నారని ఆవిడ అప్పటికే గట్టుమీదకి పోయి నిలబడటం మొదలెట్టింది.

ఆఖరిసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు డాక్టరుగారు మచ్చ నొక్కి చూసి, కేసు షీటు తిరగేసి, "పొగ సంగతేమిటి?" అని, అలవాటుకొద్దీ నావైపు చూశారు. నేను నోరు తెరిచేలోగా అమ్మ కొంగు సర్దుకుని తనే చెప్పింది:

"మానీసినాను బాబూ. మొన్న ఊడుపుల్లో మట్టుకు రెండు కాల్చినాను. రాసుకో."

ఆయన నవ్వి, వ్రాసుకున్నారు.