సూర్యుడు అస్తమించని ఊరిలో ఇషా నమాజు

మదరసాలో ఫిఖ్‌హ్ బోధించడం ఆరంభించి ఇరవై ఏడేళ్లయింది. ప్రతి సంవత్సరం నమాజు వేళల అధ్యాయంలో ఒక పాత ప్రశ్న ఎదురవుతుంది. వోల్గా నదీతీరంలోని బుల్గార్ దేశంలో వేసవి రాత్రులు మిక్కిలి కురచ. పడమటి దిక్కున సంధ్యారుణిమ తొలగకముందే తూర్పున తెల్లవారుతుంది. ఇషా వేళే రాని ఆ ప్రజలపై ఇషా నమాజు విధిగా ఉంటుందా, ఉండదా? ఒకసారి ఒక విద్యార్థి లేచి, "హజ్రత్, ఈ మసలా మనకెందుకు?" అని అడిగాడు. "పరీక్షకు" అన్నాను. తరగతి అంతా నవ్వింది. గత జూలైలో ఆ జవాబును తలచుకొని సిగ్గుపడవలసిన సందర్భం వచ్చింది.

మా పెద్దబ్బాయి ఉద్యోగరీత్యా నార్వే రాజధాని ఓస్లోలో ఉంటున్నాడు. నేను చూడడానికి వెళ్లినప్పుడు, "అబ్బాజాన్, భూమి చివరి ఊరు చూపిస్తాను" అంటూ స్వాల్‌బార్డ్ దీవులకు తీసుకువెళ్లాడు. ఓస్లో నుండి ఉత్తరానికి మూడు గంటల విమాన ప్రయాణం. 1920 నాటి ఒక ఒప్పందం ప్రకారం ఆ దీవులలో నివసించడానికి ఏ దేశస్థునికీ వీసా అవసరం లేదు. అయితే దారి నార్వే మీదుగానే కనుక నార్వే వీసా తప్పదు.

మేము దిగిన ఊరి పేరు లాంగ్‌యియర్‌బీన్. 78 డిగ్రీల ఉత్తర అక్షాంశం. 1906లో బొగ్గు గనుల కోసం వెలసిన ఈ ఊరిలో నేడు సుమారు రెండున్నర వేలమంది ఉంటారు. ఒక్క చెట్టు లేదు. నేల అడుగున ఏడాది పొడవునా గడ్డకట్టిన మంచు ఉండడంతో ఇళ్లను స్తంభాలపై నిలబెట్టారు. వీధులలో దుప్పులు నిర్భయంగా మేస్తాయి. ఊరి పొలిమేరలో ధ్రువపు ఎలుగుబంటి బొమ్మతో హెచ్చరిక పలక ఉంటుంది; అది దాటి వెళ్లేవారు తుపాకీ వెంట ఉంచుకుంటారు. జూలైలోనూ మా మదరసా కంబళి చాలనంత చలి.

బసకు చేరగానే గుమ్మం వద్ద చెప్పులు విడవమన్నారు. గని కార్మికుల బూట్లకు అంటిన బొగ్గుధూళి లోపలికి రాకూడదని ఏర్పడిన ఆచారమట. అంత దూరదేశంలో మస్జిదు గుమ్మం జ్ఞాపకం వచ్చి మనసు తేలికపడింది. ఖిబ్లా దిశ చూసుకున్నాం. మన ప్రాంతంలో పడమరకు తిరిగే మేము అక్కడ దక్షిణానికి, కొంత తూర్పుగా తిరిగి నిలిచాం.

అక్కడ ఏప్రిల్ మూడవ వారం నుండి ఆగస్టు మూడవ వారం దాకా సూర్యుడు అస్తమించడు. శీతకాలంలో అక్టోబరు చివర మునిగినవాడు ఫిబ్రవరి మధ్య వరకు పైకి రాడు. రాత్రి పదకొండు గంటలకు కిటికీ తెర తొలగించి చూస్తే కొండలపై ఎండ కాస్తున్నది. "బేటా, ఇషా చేశావా?" అని అడిగాను. అబ్బాయి తలవంచుకున్నాడు. చాలాసేపటికి నోరు విప్పాడు. "అబ్బాజాన్, నిరుడు వేసవిలో పనిమీద ఉత్తరాన నెలన్నర ఉన్నాను. సూర్యుడు మునగలేదు. మగ్రిబ్ ఎప్పుడో, ఇషా ఎప్పుడో తెలియలేదు. మొదట రెండు రోజులు వదిలాను. తర్వాత అన్నీ వదిలేశాను. మిమ్మల్ని అడగడానికి సిగ్గేసింది."

కోపం గొంతు దాకా వచ్చింది. కానీ నిందించవలసింది వాడినేనా? ఇల్లంతా ఫిఖ్‌హ్ గ్రంథాలు ఉన్న ఉస్తాదు కొడుకు తండ్రిని అడగలేకపోయాడంటే, నేను ఆ జ్ఞానాన్ని పరీక్షకే పరిమితం చేశానన్న మాట.

అప్పుడు వాడికి చెప్పాను. క్రీ.శ. 921లో బగ్దాదు నుండి ఖలీఫా ముఖ్తదిర్ దూతగా బయలుదేరిన ఇబ్నె ఫద్లాన్ మరుసటి ఏడు బుల్గార్ చేరాడు. ఇషా అజాన్ కోసం గుడారంలో మాట్లాడుతూ కూర్చుంటే, వినిపించిన అజాన్ ఫజ్ర్‌దని తెలిసి విస్మయం చెందాడు. ఫజ్ర్ తప్పుతుందేమోనన్న భయంతో నెల రోజులుగా రాత్రి నిద్రపోలేదని ముఅజ్జిన్ చెప్పాడట. ఇషా వేళ లేనిచోట నమాజు విధి కాదని బఖ్ఖాలీ వంటి కొందరు హనఫీ పండితులు అభిప్రాయపడ్డారు. ఇబ్నుల్ హుమామ్ దానిని అంగీకరించలేదు. దజ్జాల్ కాలంలో ఒక దినం సంవత్సరమంత ఉంటుందని దైవప్రవక్త (సఅసం) తెలిపినప్పుడు, ఆ దినానికి ఒక్కరోజు నమాజులు సరిపోతాయా అని సహాబాలు అడిగారు. సరిపోవని, వేళలను అంచనా వేసుకోవాలని ప్రవక్త (సఅసం) బోధించారు. ఈ హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. వేళ గుర్తు మాత్రమే. గుర్తు కనబడనంత మాత్రాన విధి తొలగిపోదు.

అంచనా పద్ధతిలో నేటి పండితుల మధ్య భేదాలున్నాయి. రాత్రింబవళ్లు స్పష్టంగా వేరుపడే సమీప ప్రదేశపు వేళలను కొందరు, మక్కా వేళలను కొందరు అనుసరించమంటారు. ఏ ఊరి ముస్లిములైనా తమ పండితులను సంప్రదించి ఒకే పద్ధతిపై నిలవడం మేలు. మేము ఆ అయిదు రోజులూ మక్కా వేళలను అక్కడి గడియారానికి అన్వయించుకున్నాం. ఎండ ముఖం మీద పడుతుండగా, అబ్బాయి ఇమామత్‌లో ఇషా చేశాను. సలాం తర్వాత వాడు చాలాసేపు సజ్దాలో ఉన్నాడు. వదిలిన నమాజుల లెక్క కాగితంపై వేసుకొని ఆ రాత్రే ఖజా ఆరంభించాడు.

మరునాడు విమానాశ్రయం సమీపాన కొండలోకి తొలిచిన విత్తన భాండాగారాన్ని బయటి నుండి చూశాం. 2008 ఫిబ్రవరిలో ఆరంభమైన అందులో లోకమంతటి పంటల విత్తనాలు మైనస్ 18 డిగ్రీల చలిలో భద్రంగా ఉన్నాయి. మన పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ పంపిన జొన్న, సజ్జ, కంది, శనగ విత్తనాలు కూడా అక్కడున్నాయి. సిరియా యుద్ధంలో అలెప్పో విత్తన కేంద్రం పని ఆగిపోయినప్పుడు, ఆ సంస్థ 2015లో తాను దాచిన విత్తనాలను తిరిగి తీసుకొని లెబనాన్, మొరాకోలలో పండించి, మళ్లీ ఇక్కడికి చేర్చింది. కరువు కోసం ధాన్యాన్ని వెన్నులతోనే నిలవచేయించిన హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) గుర్తుకు వచ్చారు. విత్తనం దాచడం సగం పనే. అవసరమైన నాడు తీసి నాటాలి. నా గ్రంథాలలోని జ్ఞానమూ అంతే కదా అనిపించింది.

ఈ ఏడు అదే అధ్యాయం వచ్చింది. అబ్బాయి అనుమతితో, "ఈ మసలా మా ఇంటిది" అని పాఠం మొదలుపెట్టాను. ఎవరూ నవ్వలేదు. మీ పిల్లలు దూరదేశాలలో ఉంటే జీతం, భోజనం సంగతులతోపాటు నమాజు ఎలా సాగుతున్నదని కూడా అడగండి. సిగ్గు లేకుండా జవాబు చెప్పగలిగేంత మృదువుగా అడగండి. అల్లాహ్ మన సంతానాన్ని, వారు ఏ ఆకాశం కింద ఉన్నా, నమాజుపై స్థిరంగా ఉంచుగాక. ఆమీన్.