కువైట్‌లో దుబాసీ లేని ఇల్లు

తమ్ముడూ,

కువైట్ ఎట్లా ఉందని నువ్వు ఫోనులో అడిగితే ఒక్క ముక్కలో చెప్పలేక ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మరదలికీ పిల్లలకీ కూడా చదివి వినిపించు.

దేశం మొత్తం కలిపి 17,818 చదరపు కిలోమీటర్లు. మన పాత నెల్లూరు జిల్లా 13 వేలు గదా, దానికంటే కాస్త పెద్దది, అంతే. ఇంత దేశంలో ఒక్క నది లేదు. మన పెన్నలాగా వేసవిలో ఇసుక తేలేదైనా సరే, లేదు! సముద్రపు నీళ్ళకు ఉప్పు తీసి తాగుతారు. ఒడ్డున నీలిపలకలు పొదిగిన గోళాలతో కువైట్ టవర్స్ ఉన్నాయి. 1979లో జనానికి తెరిచారు. పెద్దదాని ఎత్తు 187 మీటర్లు. ఆ గోళాల్లో నిలవ ఉండేది నీళ్ళే. వాటర్ ట్యాంకుకు ఇంత ముస్తాబు చేసి, పైన హోటలు పెట్టి, ఎక్కి చూడ్డానికి టికెట్టు కూడా పెట్టారు. ఎండ సంగతి అడగొద్దు. 2016 జులైలో మిత్రిబా అనే చోట 53.9 డిగ్రీలు కాసిందట. రోహిణి కార్తెలో మనం చేసే గోలంతా దీని ముందు దిగదుడుపే.

జనాభా యాభై లక్షలకు దగ్గర. అందులో ఈ దేశపువాళ్ళు మూడో వంతుకు మించరు. మన దేశంవాళ్ళే పది లక్షల దాకా ఉన్నారు. శుక్రవారం సెలవు. ఆ సాయంత్రం మాలియా వీధుల్లో నిలబడితే నెల్లూరు ట్రంకు రోడ్డులో నిలబడ్డట్టే ఉంటుంది. కడప యాస, కోనసీమ యాస, మధ్యలో మన ‘ఏందబ్బా’ కూడా చెవిన పడుతుంది.

అసలు వింత చేపల మార్కెట్టులో చూశాను. షర్క్ అనేచోట సముద్రం పక్కనే ఉంది. లోపల ఏసీ! మన చందువను వీళ్ళు జుబైదీ అంటారు. దానికోసం ప్రాణం పెడతారు, ధర కూడా అట్లాగే ఉంటుంది. మా అబ్బాయి ఇంగ్లీషులో బేరమాడితే అమ్మేవాడు కదల్లేదు. పక్కనే ఒకామె చేప మొప్ప ఎత్తి చూసి, మొహం చిట్లించి, గడగడా అరబ్బీలో ఏదో అంది. వాడు నవ్వుతూ తగ్గించాడు. సంచి తీసుకుని ఇటు తిరిగి నన్ను చూసి, "మనవైపోళ్ళా అక్కా?" అంది! మన కోట ఊరి పక్కన పల్లెదట. ఐదో తరగతి కూడా దాటలేదు. ఇక్కడ ఒక కువైటీ ఇంట్లో ఖద్దామా, అంటే ఇంటిపనికి కుదిరిన మనిషి. అరబ్బీ అక్షరం ఒక్కటీ చదవలేదు, మాట మాత్రం ధారాళం.

నేను నలభై ఏళ్ళు ఇంగ్లీషు చెప్పినదాన్ని. నాకు ఊరుకోబుద్ధి కాలేదు, ఎట్లా నేర్చావని కూర్చోబెట్టి అడిగాను. ఆమె వచ్చిన ఇంట్లో తెలుగువాళ్ళు లేరు, ఇంగ్లీషు వచ్చినవాళ్ళు లేరు. ముసలావిడ, ఆమె కోడళ్ళు, బోలెడు పిల్లలు. "తాలీ, జీబీ, రూహీ" అని రా, తే, పో అనే మాటలు తెల్లారితే మొదలు. తప్పు తెచ్చిపెడితే కేకలు, సరిగా తెస్తే నిశ్శబ్దం. అన్నిటికన్నా మేలు చేసింది మూడేళ్ళ పిల్లాడంట. ఒకే మాట ఇరవైసార్లు అంటాడు, విసుక్కోడు, ఈమె తప్పుగా పలికితే నవ్వడు. అటువంటి ఓపిక నా క్లాసులో నాకే ఉండేది కాదు.

అమెరికా ప్రభుత్వం తన దౌత్యాధికారులకు భాషలు నేర్పేచోట అరబ్బీని అన్నిటికన్నా కష్టమైన తరగతిలో పెట్టింది. 88 వారాలు, 2,200 గంటల క్లాసు అని అంచనా. ఫ్రెంచికి అందులో సగం కూడా అక్కర్లేదు. తెల్లారి ఐదింటి నుంచి రాత్రి దాకా అరబ్బీ తప్ప మరోటి వినపడని ఇంట్లో ఆ 2,200 గంటలూ ఐదారు నెలల్లో అయిపోతాయి, లెక్క కట్టి చూడు.

ఇంకో తమాషా. ఆమె నేర్చిందంతా ఆడమనిషికి ఇచ్చే ఆజ్ఞల్లోంచి. అరబ్బీలో మగవాణ్ణి రమ్మంటే ‘తాల్’, ఆడమనిషినైతే ‘తాలీ’. ఈమె విన్నది ‘తాలీ’యే గనుక డ్రైవర్ని, కూరగాయలవాణ్ణి, చివరికి ఇంటి యజమానిని కూడా ‘తాలీ’ అనే పిలుస్తుంది. లెబనాన్‌లో పనిచేసే సింహళ స్త్రీల అరబ్బీ కూడా ఇటువంటిదేనని గమనించి ఫిదా బిజ్రీ అనే పరిశోధకురాలు దానికి ‘పిడ్జిన్ మేడమ్’ అని పేరు పెట్టింది. చెవికి ఏది చేరితే నోటికి అదే వస్తుంది మరి. గొంతులోంచి పలికే అక్షరాలు కూడా ఈమెకు మన ‘అ’, ‘హ’ల దగ్గరే ఆగిపోయాయి. ఆ పిల్లాడికి పుట్టుకతో వచ్చిన పలుకు ముప్పై దాటి వచ్చినామెకు అంత తేలిగ్గా రాదు.

ఇటు మావాడి స్నేహితులను చూడు. ఒక గదిలో ఎనిమిదిమంది, అందరూ తెలుగువాళ్ళే. పప్పుచారు, తెలుగు సీరియళ్ళు. పదేళ్ళయినా లేదనడానికి ‘మాఫీ’, అయిపోయిందనడానికి ‘ఖలాస్’, ఆపైన చేతిసైగలే. పోనీ తెలివి తక్కువా అంటే ఒకడు ఇంజనీరు. వాళ్ళకు అవసరం రాలేదు, అంతే. ఆఫీసులో ఇంగ్లీషు వచ్చిన మలయాళీ, బజార్లో హిందీ వచ్చిన బెంగాలీ, జేబులో ఫోను. అన్నీ దుబాసీలే, అంటే ఒకరి మాట ఇంకొకరికి మార్చి చెప్పేవే.

ఈ దుబాసీల మాట మన ఒడ్డుకు కొత్త కాదు. 1626లో ఇంగ్లీషువాళ్ళు మన దుగరాజపట్నంలో కొట్టు పెట్టుకున్నారు. అక్కడి పెద్ద ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు జాగా సంపాదించాడు, బేరి తిమ్మన్న దుబాసీగా ఉన్నాడు. పులికాట్‌లో డచ్చివాళ్ళు రెండువందల ఏళ్ళు అటూఇటూగా ఉండి, చెక్కడాల సమాధి రాళ్ళు వదిలిపోయారు. వాళ్ళ మతగురువు అబ్రహాం రొజేరియస్ అక్కడ పదేళ్ళుండి మన బ్రాహ్మణుల గురించి పెద్ద పుస్తకమే రాశాడు, 1651లో అచ్చయింది. ఆయనకు సంగతులు చెప్పిన పద్మనాభుడికి డచ్చి రాదు, మాటలన్నీ పోర్చుగీసులో జరిగాయి. మధ్యన ఒకరుంటే పుస్తకం వస్తుందేమో గానీ భాష రాదని నా నమ్మకం. అదే మన పట్టపు జాలర్లను చూడు. ఇంట్లో అరవం, ఒడ్డు దాటితే తెలుగు, ఏ పంతులూ నేర్పింది కాదు. చేప అమ్ముకోవాలంటే మధ్యలో ఎవరొస్తారు?

ఇదంతా ఆ కోట ఆమెకు చెప్పి ‘అట్లాగైతే దుబాసీని తీసెయ్, భాష వస్తుంది’ అని మా టీచర్ల మీటింగులో అన్నట్టు అనబోయాను. ఆమె నా మాట పూర్తి కానివ్వలేదు. "మాట్లాడేదానికి ఎవరూ లేకపోతే గోడతో అయినా మాట్లాడాలి గదక్కా" అంది. మొదటి ఏడాది గేటు దాటలేదంట. వారానికి ఒకరోజు సెలవు ఇవ్వాలని 2015లో ఇక్కడ చట్టం వచ్చింది. ఆ సెలవు ఆమెదాకా రావడానికి మాత్రం భాష వచ్చి తనే నోరు తెరిచి అడగాల్సొచ్చింది. ఊర్లో పిల్లలతో ఫోనులో మాట్లాడేటప్పుడు ‘యల్లా యల్లా’ అని అరబ్బీ మాట వాడుతుంటే వాళ్ళు నవ్వుతారంట. చెప్పేటప్పుడు ఆమె నవ్వలేదు.

మొన్న శుక్రవారం ఆ ముసలావిడ నన్ను భోజనానికి పిలిపించింది. పెద్ద పళ్ళెంలో మచ్‌బూస్ అన్నం, మీద చేప. పక్కనే మన చింతపండు పులుసు, ఈమె చేసింది. పిల్లలు దానికే ఎగబడ్డారు. ముసలావిడ చిన్నప్పుడు ఇక్కడ మన రూపాయే చెల్లేదట, 1961 దాకా. ఫ్యానును మన ‘పంఖా’ లాగే ఇప్పటికీ ‘బంకా’ అంటారు. ఆ రోజు మా ఇద్దరికీ దుబాసీ మన కోట ఆమే. ముసలావిడ నన్ను చూస్తూ, చేతులు తిప్పుతూ నిమిషం సేపు ఏదో చెప్పింది. ఈమె నా వైపు తిరిగి, "బాగా తినమంటా ఉంది" అంది. మిగతాది ఎందుకు మింగిందో ఎంత అడిగినా చెప్పలేదు.

ఇట్లు,
నీ అక్కయ్య