జడ చాటు పుట్టుమచ్చ

పుట్టుమచ్చ అనగానే మన ఆడవాళ్లకి ముందు గుర్తొచ్చేది ఫలితాలే కదండీ! బుగ్గ మీద ఉంటే అదృష్టమనీ, అరికాల్లో ఉంటే దూరప్రయాణాలనీ ఎన్నిసార్లు చదువుకోలేదు! నేను ఇవాళ చెప్పబోయే మచ్చకి మాత్రం ఏ ఫలితమూ రాసి ఉండదు. అది నల్లగానూ ఉండదు. లేత పసుపు రంగులోనో, తేనె రంగులోనో, మైనం పూసినట్టు నున్నగా ఉంటుంది. ఎక్కువగా తల మీదే వస్తుంది. అది ఉన్నచోట జుట్టు మొలవదు. డాక్టర్లు దీన్ని నీవస్ సెబేషియస్ అంటారు. చర్మానికి జిడ్డునిచ్చే గ్రంథులు ఒకేచోట గుంపుగా పెరిగితే ఏర్పడే మచ్చ ఇది. వెయ్యిమంది పిల్లల్లో ముగ్గురికి ఉంటుందట. అంటే అంత అరుదేమీ కాదన్నమాట.

ఆ ముగ్గురిలో నేనొకదాన్ని. ఎడమ చెవి పైన రూపాయి బిళ్లంత మచ్చ. పుట్టువెంట్రుకలు తీయించిన రోజున అది అందరి కంటా పడిందట. ఇంక చూడండి! "గ్రహణం పూట ఒళ్లు గోక్కుని ఉంటుంది" అని మా అమ్మని అనని వాళ్లు లేరు. కొందరేమో పేనుకొరుకుడన్నారు. ఉల్లిపాయ రసం రాశారు, మందారాకు నూరి పట్టించారు, గురివింద గింజ అరగదీసి పూశారు. జుట్టు రాలేదు సరికదా, మంటకి నేను గుక్కపెట్టి ఏడ్చేదాన్నట. (గురివింద గింజ విషమండీ, పిల్లలున్న ఇంట్లో అసలు ఉంచకండి.) మా అమ్మ ఎవరికీ ఎదురు చెప్పలేదు. రోజూ ఆ చోటు కనపడకుండా పాపిడి పక్కకి తీసి, బిగించి జడ వేసేది. అంతే.

నేను పెద్దమనిషినయ్యే రోజుల్లో నున్నటి మచ్చ కాస్తా గరుకుగా, పులిపిరుల గుత్తిలా లేచింది. దువ్వెన తగిలితే చురుక్కుమనేది. ఆ వయసులో హార్మోన్ల ప్రభావానికి జిడ్డు గ్రంథులు పెరగడం వల్ల ఇలా అవుతుందట. దీన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

కంగారు పడాల్సింది, అంటే జాగ్రత్త పడాల్సింది, ఆ తర్వాత. నలభై దాటాక ఒక ఆదివారం తలంటుకుంటుంటే మచ్చ మీద వేలికి కొత్తగా ఏదో తగిలింది. మా అమ్మాయి సెల్‌ఫోన్లో ఫొటో తీసి చూపించింది. పెసరగింజంత బుడిపె, నల్లగా, కాస్త నీలం కలిసిన రంగు. ఆ వారంలోనే చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. "ఈ రకం మచ్చల్లో పెద్దయ్యాక వేరే గడ్డలు మొలవడం ఉందమ్మా. మొత్తం తీసి ముక్క పరీక్షకి పంపుదాం" అన్నారావిడ. క్యాన్సరా అని అడగడానికి నాకు నోరు రాలేదు. మా వారే అడిగారు.

ఆవిడ ఓపిగ్గా చెప్పిన సంగతులు మీకూ పనికొస్తాయి. ఈ మచ్చ గురించి జర్మన్ వైద్యుడు యాడస్సాన్ 1895లోనే రాశాడు. ఇందులో క్యాన్సర్ తరచుగా వస్తుందని పాత పుస్తకాల్లో ఉండేదట. అందుకే పసిపిల్లలకి కూడా ముందుజాగ్రత్తగా కోసి తీసేసేవారు. అయితే 2000లో ఫ్రాన్సులోని స్ట్రాస్‌బూర్గ్ వైద్యులు దాదాపు 600 మచ్చల్ని మళ్లీ పరీక్షించి చూస్తే, బేసల్ సెల్ కార్సినోమా అనే క్యాన్సర్ నూటికి ఒక్కరికి కూడా లేదు. హాని లేని గడ్డలు మాత్రం నూటికి 13, 14 మందిలో ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి రెండు. నల్లటి బుడిపెలా వచ్చేది ట్రైకోబ్లాస్టోమా. తడితడిగా రసి కారేది సిరింగోసిస్టడినోమా. మొదటిది మైక్రోస్కోపులో కూడా బేసల్ సెల్ క్యాన్సర్ లాగే ఉంటుందట. అందుకే అప్పట్లో లెక్క తారుమారైంది.

మత్తు ఇంజెక్షను మచ్చ చుట్టూ ఇచ్చి మొత్తం తీసేశారు. మాటలు వినపడుతూనే ఉన్నాయి, నొప్పి లేదు. రిపోర్టు వచ్చేదాకా మాత్రం అన్నంలో ఉప్పు వేశానో లేదో నాకే తెలిసేది కాదు. ట్రైకోబ్లాస్టోమా అనీ, హాని లేదనీ వచ్చింది. ఇప్పుడక్కడ సన్నటి గీత ఉంది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి మచ్చ ఉంటే ఇవి గుర్తుంచుకోండి:

* చిన్నపిల్లల్లో క్యాన్సర్ రావడం చాలా అరుదు. ఆపరేషన్‌కి తొందర లేదు. కాస్త పెద్దయ్యాక, పిల్లల ఇష్టం కూడా కనుక్కుని డాక్టరుతో మాట్లాడండి. అందరికీ తీయాలనీ లేదు.
* తలంటు పోసే రోజున నెలకోసారి వేలితో తడిమి చూడండి. కొత్త బుడిపె, పుండు, రక్తం, రసి, రంగు మారడం, త్వరగా పెరగడం కనిపిస్తే ఆలస్యం చేయొద్దు.
* పైపైన గీకినా, లేజరుతో కాల్చినా లోపలి భాగం మిగిలిపోయి మళ్లీ రావచ్చు. తీయిస్తే పూర్తి లోతుగా తీయించి, ముక్క పరీక్షకి పంపారో లేదో అడగండి.
* మచ్చ మరీ పెద్దదై, బిడ్డకి ఫిట్సు గానీ కంటి దోషం గానీ ఎదుగుదలలో లోపం గానీ ఉంటే పిల్లల డాక్టరుకి వెంటనే చూపించాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఈ మచ్చ ఎందుకొస్తుందో 2012లో తేలింది. కడుపులో పిండం ఎదుగుతున్నప్పుడు ఒకానొక కణంలోని జన్యువులో దానంతటదే జరిగే మార్పు ఇది. తల్లి తిన్నదానికీ, తాకినదానికీ, గ్రహణానికీ ఏ సంబంధమూ లేదు. సాధారణంగా వంశపారంపర్యంగానూ రాదు. ఈ సంగతి డెబ్బై దాటిన మా అమ్మకి ఫోన్లో చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. ఆఖరికి, "నీ కూతురు పుట్టినప్పుడు ముందు దాని తలే తడిమి చూశానే" అంది.

అన్నేళ్లూ ఆ మాటల్ని ఆవిడ నిజమనుకునే మోసింది చూడండి! మచ్చని డాక్టరు తీసేశారు. తల్లి మీద పడిన మాటని ఏ డాక్టరూ తీయలేరు. మీ బంధువుల్లో అలాంటి బిడ్డ పుడితే, ఆ తల్లిని ఎవరూ ఒక్క మాట కూడా అననివ్వకండి. ఈ సంగతంతా మీరే దగ్గర కూర్చుని చెప్పండి.