లాకుల కాడ

మా నాయన ఊరికి వెట్టి. సర్కారు కాగితాల్లో 'గ్రామ నౌకరు' అని ఉండేది గానీ, ఊళ్ళో ఎనిమిదేళ్ళ పిల్లోడు కూడా 'ఎట్టోడా' అనే పిలిచేవాడు. శిస్తు రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి కేకెయ్యాలి. చావు కబురు మొయ్యాలి. భూమి కొలిచేటప్పుడు గొలుసు పట్టాలి. ఏడాదికోసారి జమాబందీకి కరణం లెక్కల కట్టలు నెత్తిన పెట్టుకుని తెనాలి దాకా నడవాలి. కరణం ఎడ్లబండి మీద, మా నాయన బండెనక. ఇరవై ఏళ్ళు అట్టా ఒకే దోవన పోయారు. ఆ ఇరవై ఏళ్ళలో కరణం నోటెంట ఎక్కువగా విన్న మాటలు 'ఒరే', 'దూరం' అని చెప్పేవాడు నాయన.

1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణం ఉద్యోగాలు రద్దు చేసింది. ఆ రోజు మా మాలపల్లెలో పండగే. రికార్డులు పట్టుకుపోవడానికి జీపొస్తే కట్టలన్నీ మోసి అందులో వేసింది కూడా మా నాయనే. "ఈసారి తెనాలి దాకా నడిచే పని తప్పింది" అని నవ్వాడు.

నెయ్యీ కూరగాయలూ తెచ్చి కరణం అరుగు మీద పెట్టే మోతుబర్లు ఇక ఆ అరుగు వంక చూడటం మానేశారు. ఆయన కొడుకులిద్దరూ బొంబాయిలో. మరుసటేడు భార్య పోయింది. మా అమ్మ అంతకు రెండేళ్ళ ముందే క్షయతో పోయింది. నేను గుంటూరు హాస్టల్లో ఉన్నా, అక్క అత్తారింట్లో ఉంది. నాయన ఒక్కడే గంజి కాచుకుని తాగేవాడు.

కాలవ లాకుల గట్టు ఊరిదీ కాదు, పల్లెదీ కాదు. సర్కారుది. సాయంత్రం కరణం అక్కడికి గాలికొచ్చేవాడు. మా నాయన గేదెను నీళ్ళకి తోలుకెళ్ళేవాడు. ఎవరు ముందు పలకరించారో నాకు తెలవదు. మొదట్లో అన్నీ లెక్కల మాటలేనంట. ఫలానా హద్దు రాయి యాడుండేది, ఫలానా వాడి తాత గట్టు ఎంత జరిపాడు. ఊరి భూమంతా ఆయనకి కాగితం మీద తెలుసు, మా నాయనకి కాళ్ళతో తెలుసు. ఆ తెలివి ఇంకెవరికీ అక్కర్లేదు. అందుకే వాళ్ళు ఒకరికొకరు అక్కరకొచ్చారనుకుంటా.

కొన్నాళ్ళకి 'ఒరే' పోయి 'ఏమోయ్' వచ్చింది. కింద కూచునే నాయన గట్టు మీదకొచ్చాడు, మధ్యలో మూరెడు ఎడం. నాయన మాత్రం 'కరణంగారూ' మానలేదు. "ఇంకా ఆయన కరణమేంది నాయనా?" అని కోప్పడితే, "పేరుతో పిలవాలంటే ఆయన పేరు నాకు తెలిస్తే గదరా" అన్నాడు.

దీన్ని హృదయ పరివర్తన అనే మిత్రులున్నారు. నేనొప్పుకోను. కుర్చీ ఉన్నన్నాళ్ళూ ఆ హృదయం ఏమైంది? అయితే వట్టి నటనని కొట్టిపారెయ్యడానికీ నాకు మనసొప్పదు. ఎందుకో చెబుతా.

మాకు ఎకరా ఇరవై సెంట్ల బంజరుకి డి-పట్టా ఉండేది. 1979లో అమ్మ మందులకి ఎనిమిదొందలు అప్పిచ్చి ఒక మోతుబరి ఆ చేను రాయించుకున్నాడు. అడంగల్లో అనుభవదారు గడిలో అతని పేరెక్కించింది కరణమే. అసైన్డు భూమి అమ్మకం చెల్లదని, తిరిగి పేదవాడికే ఇప్పించాలని 1977లోనే చట్టమొచ్చింది. ఆ సంగతి మా పల్లెలో ఎవరికీ తెలవదు. కరణానికి తెలుసు. చెప్పలేదు.

1988లో లాకుల కాడ, ఎవరూ అడక్కుండానే, ఆయనే చెప్పాడు. నాయన లేచొచ్చేశాడు. మూడు రోజులు అటు పోలేదు. నాలుగో రోజు పోయి, "రాసిన చేత్తోనే ఇప్పుడు మళ్ళా రాయండి" అన్నాడు. రాశాడు. సర్వే నంబరుతో సహా, ఆ పేరు తానే ఎక్కించానని వాంగ్మూలం రాసి సంతకం పెట్టాడు. ఆ కాగితం మండలాఫీసులో ఇచ్చింది నేనే. కబురు ఊళ్ళో పొక్కింది. ఆయనకి పాలు పోసేవాళ్ళు మానేశారు. 'మాలోళ్ళ కరణం' అన్నారు.

1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మనవాళ్ళని చంపారు. (2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలు 2014లో హైకోర్టు కొట్టేసింది. అది వేరే ఏడుపు.) ఆ రోజుల్లో పల్లె దాటాలంటే భయం. నాయన లాకులకి పోవడం మానేశాడు. వారం తర్వాత కరణమే కర్ర పట్టుకుని పల్లెలోకొచ్చాడు. మా నులక మంచం మీద అరగంట కూచున్నాడు. ఏం మాట్లాడారంటే, ఏమీ లేదు. వానల గురించి. మా అక్క గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది. పుచ్చుకున్నాడు. పోయేదాకా చేత్తో పట్టుకునే ఉన్నాడు. నీళ్ళు నీళ్ళట్టాగే ఉన్నాయి.

ఆ నిండు గ్లాసు ఇప్పటికీ నా కళ్ళల్లో ఉంది. నాయనతో అంటే, "నేనూ వాళ్ళింటికి పోలేదుగా" అని చుట్ట వెలిగించుకున్నాడు.

1993లో కరణం పోయాడు. చుట్టాలున్న ఊళ్ళకి చావు కబురు మొయ్యమని ఊరు మా నాయన్నే పిలిచింది. అప్పటికి ఆయన కొలువు దిగి రెండేళ్ళు. అయినా పోయాడు. మూడూళ్ళు నడిచొచ్చాడు. బొంబాయి నించి దిగిన కొడుకు కూలి డబ్బులివ్వబోతే తీసుకోలేదు. 'ఎందుకు?' అని ఆ కొడుకూ అడగలేదంట.

మరుసటేడు భూమి ఆర్డరొచ్చింది. సర్వేయరొచ్చి గొలుసేస్తే ఎకరా ఎనిమిది సెంట్లే తేలింది. మిగతా పన్నెండు సెంట్లు ఏ గట్టు కిందకి పోయాయో చెప్పగలిగిన మనిషి అప్పటికి లేడు.