గడ్డిగోడల ప్రార్థనామందిరం

పిల్లలూ! గడ్డితో ఇల్లు కడతానని ఎవరైనా అంటే మీరు పకపకా నవ్వుతారు. "ఆవు వచ్చి గోడ తినిపోతేనో?" అంటారు. "వాన కురిస్తేనో? నిప్పురవ్వ పడితేనో?" అని కూడా అడుగుతారు. ఈ మూడు ప్రశ్నలూ మంచివే. వీటికి జవాబు కావాలంటే మనం అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రానికి వెళ్లాలి. రండి, వెళదాం!

ఆ రాష్ట్రంలో దాదాపు 50,000 చదరపు కిలోమీటర్ల మేర ఇసుక దిబ్బలు వ్యాపించి వున్నాయి. ఈ ప్రాంతాన్ని శాండ్‌హిల్స్ అంటారు. ఇసుక దిబ్బలన్నాను గదా అని ఎడారి అనుకునేరు! దిబ్బల మీద అంతటా గడ్డి పెరిగి వుంటుంది. గాలి వీస్తే ఆ గడ్డి సముద్రంలో అలల్లాగా వూగుతుంది. చెట్టు మాత్రం ఎక్కడో గాని కనబడదు. ఈ దిబ్బల మధ్య ఆర్థర్ అనే చిన్న వూరు వున్నది. 2020 జనాభా లెక్కలలో అక్కడ నూట యాభైమంది కూడా లేరు. ఆ వూళ్లో 1928లో కట్టిన ప్రార్థనామందిరం ఒకటి వున్నది. పైకి చూస్తే అది మామూలు కట్టడమే. కాని రెండడుగుల మందం వున్న ఆ గోడలలో ఇటుక లేదు, రాయి లేదు. లోపల వున్నదంతా రై అనే ధాన్యపు గడ్డి!

వీళ్లకు ఈ ఆలోచన ఎందుకు వచ్చింది? అవసరం వల్లనే వచ్చింది. 1904లో అక్కడి ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దానిని ప్రతిపాదించిన మోజెస్ కింకేడ్ పేరుమీదనే దానిని కింకేడ్ చట్టం అంటారు. దాని ప్రకారం ఒక్కొక్క కుటుంబానికి 640 ఎకరాలు, అంటే ఒక చదరపు మైలు నేల ఇస్తారు. అయితే ఒక షరతు వున్నది. అయిదేళ్లపాటు అక్కడే కాపురముండి, ఆ నేలను బాగుచేసుకోవాలి. మధ్యలో వదిలి వెళితే నేల దక్కదు.

ఆశతో వచ్చిన కుటుంబాలకు అక్కడ పెద్ద చిక్కు ఎదురైంది. ఇల్లు దేనితో కట్టాలి? కలపకు చెట్లు లేవు. రైలులో తెప్పించుకోవాలంటే డబ్బు లేదు. ఆ చుట్టుపక్కల మైదానాలలో జనం గడ్డి వేళ్లతోసహా మట్టిపెళ్లలను కోసి గోడలు కట్టేవారు. ఇక్కడి ఇసుక నేలలో ఆ పెళ్లలు చేతిలోనే రాలిపోయేవి. చలికాలమేమో ముంచుకొస్తున్నది. అక్కడి చలికి నీళ్లు గడ్డకట్టి రాయి అయిపోతాయి. గోడలు లేని పసిబిడ్డల తల్లి ఎంత దిగులు పడి వుంటుందో ఆలోచించండి!

అప్పటికే గుర్రాలతో తిప్పే గడ్డి యంత్రాలు వచ్చి వున్నాయి. అవి గడ్డిని గట్టిగా అదిమి, పత్తి బేళ్లవంటి బేళ్లుగా కట్టేవి. ఆ బేళ్లనే పెద్ద ఇటుకలుగా ఎందుకు పేర్చకూడదని కొందరికి తోచింది. ఒకదాని అతుకు మీద మరొకటి వచ్చేటట్టు వరసలు పేర్చారు. వాటి మీదనే నేరుగా కప్పు మోపారు. కప్పు బరువుకు గోడ కొద్దిగా అణిగేదాకా ఆగి, తరువాత లోపలా బయటా మందంగా పూత పూశారు.

ఇక మీ ప్రశ్నలకు వద్దాం. మొదటిది ఆవు సంగతి. అది నిజంగానే జరిగిందట! 19వ శతాబ్దం చివర, అదే రాష్ట్రంలో బేయార్డ్ అనే వూరి దగ్గర గడ్డి బేళ్లతో ఒక బడి కట్టారు. గోడలకు పూత పూయలేదు. కొద్ది ఏళ్లలోనే ఆవులు ఆ బడిని కాస్తా మేసేశాయని చెప్పుకుంటారు. పూత ఎందుకో ఇప్పుడు తెలిసింది గదా!

రెండవది వాన. గడ్డికి అసలైన శత్రువు తడి. తడిస్తే కుళ్లిపోతుంది. అందుచేత ఇటువంటి ఇంటికి కాళ్లకు చెప్పులూ, తలకు గొడుగూ వుండాలి. చెప్పులంటే ఎత్తయిన పునాది. గొడుగంటే గోడలు దాటి ముందుకు వచ్చిన చూరు.

మూడవది నిప్పు. ఒక్క కాగితం భగ్గున మండుతుంది. లావుపాటి పుస్తకమైతే అంచులు మాత్రమే మాడతాయి. లోపలికి గాలి చొరబడదు గనక మంట సాగదు. అదిమి కట్టి, పూత పూసిన గడ్డి కూడా అంతే. కాని ఇల్లు కట్టేటప్పుడు చుట్టూ రాలిన విడిగడ్డితో మాత్రం చాలా జాగ్రత్తగా వుండాలి. గడ్డిలో చిక్కుకున్న గాలి మరో మేలు కూడా చేస్తుంది. బయటి చలినీ వేడినీ త్వరగా లోపలికి రానివ్వదు.

ఇది పాతకాలపు వింత అని కొట్టిపారవేయకండి. 2005లో పాకిస్తాన్‌లో భయంకరమైన భూకంపం వచ్చింది. అటువంటి చోట్ల పేదలకు పనికివచ్చే గడ్డిబేళ్ల ఇంటిని ఒకదానిని 2009లో అమెరికాలోని నెవాడా విశ్వవిద్యాలయంలో, కదిలే వేదిక మీద వుంచి గట్టిగా కుదిపి చూశారు. ఇల్లు పగుళ్లిచ్చింది గాని కూలలేదు! 2015లో అమెరికా గృహనిర్మాణ నియమాలలో ఇటువంటి ఇళ్లకు ప్రత్యేకంగా ఒక భాగం కూడా చేర్చారు.

మన దేశంలో యంత్రంతో వరి కోసిన తరువాత ఎంతో గడ్డి పొలంలోనే తగలబెడుతున్నారు. ఆ పొగకు పిల్లలూ ముసలివాళ్లూ ఉక్కిరిబిక్కిరవుతున్నారు. మొక్క గాలిలోనుంచి తీసుకున్న బొగ్గుపులుసు వాయువు మళ్లీ గాలిలోకే పోతున్నది. పశువులకు పోగా మిగిలిన గడ్డి గోడలో చేరితే, ఆ గోడ నిలిచినంతకాలం అదీ అక్కడే వుంటుంది.

ఈ రోజుల్లో గడ్డి ఇళ్లు కట్టేవాళ్లు గోడలో ఒకచోట పూత పూయకుండా చిన్న అద్దం బిగిస్తారు. చూడవచ్చినవాళ్లకు లోపలి గడ్డి కనబడాలని వాళ్ల సరదా. మీకు అంత దూరం పోవలసిన పని లేదు. మీ వూళ్లో పాత మట్టిగోడ పెచ్చు రాలినచోట వంగి చూడండి. మీ తాతలు మట్టితో కలిపి తొక్కిన గడ్డిపోచ ఒకటి కనిపించినా కనిపించవచ్చు!