77వ రోజు

మా అన్న కూతురికి పుట్టుకతోనే చూపు లేదు. ఆసిఫాబాద్ దగ్గర మా గూడేనికి వచ్చిన ఒక బోధకుడు అది తల్లిదండ్రుల పాపఫలమన్నాడు. వదిన ఆ రోజు నుంచి ప్రార్థనకు రావడం మానేసింది. నేను పంతులునే, కానీ ఆయనకు జవాబు చెప్పలేకపోయాను. నా బైబిల్ ఆదివారం చంకలో పెట్టుకుపోవడానికే ఉండేది. తెలుగులో కొత్త నిబంధన 1818లోనే శ్రీరాంపూర్‌లో అచ్చయింది. ఇన్నేళ్ల పుస్తకాన్ని నేను మొదటి నుంచి ఒక్కసారీ చదవలేదు.

మర్నాటి నుంచి బడికి పోయే ముందు రోజుకో అధ్యాయం పెట్టుకున్నాను. మొదటి రోజే వంశావళి పేర్ల దగ్గర ఆవులింతలొచ్చాయి. మత్తయి 28, మార్కు 16, లూకా 24 అధ్యాయాలు. యోహాను 9వ అధ్యాయం 77వ రోజున వచ్చింది. పుట్టుగుడ్డివాణ్ని చూపి, ఎవరి పాపం వల్ల ఇలా పుట్టాడని శిష్యులు అడుగుతారు. ఇతడూ కాదు, కన్నవాళ్లూ కాదు అంటాడు యేసు.

బడికి ఆలస్యమైతే అయిందని నేరుగా వదిన దగ్గరికి పోయాను. చదివి, గోండిలో చెప్పాను. మళ్లీ చదవమంది. మూడుసార్లు చదివించుకుంది. నాకు ఈ పుస్తకం మీద నమ్మకం కుదిరింది ఆ పొద్దునే.

చదవడం ఆపలేదు. అపొస్తలుల కార్యములు 17లో బెరయ ఊరివాళ్లు పౌలు చెప్పిన మాటలను కూడా రోజూ లేఖనాల్లో వెతికి చూసుకుంటారు. ఇప్పుడు ఎవరు వచ్చి బోధించినా వదిన అడిగేది ఒకటే: "ఏ అధ్యాయం?"