పొలం చివర ఫోను

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దవాళ్లకు నయాగరా, పిట్స్‌బర్గ్ వెంకన్న గుడి అయ్యాక కొందరు పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ కూడా చూపిస్తారు. గుర్రబ్బగ్గీలు, గడ్డి టోపీలు, మీసం లేని గడ్డాలు. కారులోంచే చూసేసి, "పాపం, కరెంటు కూడా లేదట" అనుకుంటూ వచ్చేస్తారు. ఆ జాలి ఎంత తొందరపాటో తెలియాలంటే అక్కడి అమిష్ అనే క్రైస్తవ వర్గం గురించి చెప్పే చిన్న కోర్సొకటి వింటే చాలు. నేను విన్నాను.

చరిత్ర గబగబా అయిపోయింది. 1525లో జ్యూరిక్‌లో కొందరు పసిబిడ్డకిచ్చే బాప్తిస్మం చెల్లదనీ, ఊహ తెలిశాక తీసుకున్నదే బాప్తిస్మమనీ పట్టుబట్టారు. ఆ పట్టుదలకు ఎందరో ప్రాణాలిచ్చారు. 1693లో యాకబ్ అమ్మన్ అనే మతపెద్ద, కట్టుబాటు సడలిపోతోందని వేరుకుంపటి పెట్టాడు. ఆయన పేరు మీద ఏర్పడ్డ వర్గమే ఇది. పద్దెనిమిదో శతాబ్దంలో పెన్సిల్వేనియా చేరింది.

రుచంతా ఫోను పాఠంలో ఉంది. లాంకాస్టర్ అమిష్‌లు ఇళ్లలో ఫోను పెట్టుకోరు. పొలం చివరో, బాట పక్కనో చిన్న చెక్క గది కట్టి అందులో పెడతారు. రెండు మూడు కుటుంబాలకు అదే దిక్కు. ఆవుకో గుర్రానికో జబ్బు చేస్తే డాక్టరును పిలవడానికి అక్కడిదాకా నడవాలి. ఊసుపోక కబుర్లకు అంత దూరం ఎవరు పోతారు? ఫోను వద్దనలేదు, భోజనాల దగ్గరికి రానివ్వలేదు, అంతే. కారు కొనకూడదు, అవసరమైతే బయటి డ్రైవరుకు డబ్బిచ్చి ఎక్కొచ్చు. వీధి కరెంటు తీగ ఇంట్లోకి రాకూడదు, బ్యాటరీ ఫరవాలేదు.

చూసేవాళ్లకు ఇవన్నీ దొంగ నియమాల్లా కనిపిస్తాయి. కానీ వీటి వెనకున్న ప్రశ్న ఒక్కటే: ఈ వస్తువొస్తే మనం ఒకరికొకరం అక్కర్లేనివాళ్లమైపోతామా? కారుంటే అన్నదమ్ములు తలో ఊరు పట్టిపోతారు, బగ్గీ అయితే కేకేస్తే పలికేంత దూరంలోనే కాపురాలుంటాయి. ఈ లెక్క ఎవరికి వారు తేల్చుకునేది కాదు. ఏడాదికి రెండుసార్లు, ప్రభురాత్రి భోజనానికి ముందు, సంఘమంతా కూర్చుని కట్టుబాట్లను మళ్లీ విని సరేననాలి.

చదువు సంగతే గొంతు దిగదు. ఎనిమిదో తరగతితో సరి. 1972లో విస్కాన్సిన్ వర్సెస్ యోడర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అది వాళ్ల మతస్వేచ్ఛేనంది. డిగ్రీలు పట్టుకుని సముద్రాలు దాటినవాళ్లం, మనకెలా మింగుడుపడుతుంది? డాక్టరు కావాలనుకునే పిల్లకు అక్కడ దారి ఇరుకే. బాప్తిస్మం తీసుకున్నాక సంఘాన్ని విడిస్తే వెలి తప్పదు. అయినా అత్యధికులు పెద్దయ్యాక అందులోనే చేరుతున్నారు. ఐరోపాలో అమిష్‌లు లేకుండా పోయారు, ఉత్తర అమెరికాలో మాత్రం నాలుగు లక్షల దాకా పెరిగారు.

వాళ్లలా బతకాలని నాకేం లేదు. అయితే మన ఇంటికి టీవీ, సెల్‌ఫోను వచ్చిన రోజున ధరెంత, ఈఎంఐ ఎంత అని అడిగాం గానీ, ఇదొస్తే మన సాయంత్రాలు ఏమవుతాయని నలుగురం కూర్చుని మాట్లాడుకోలేదు. అమిష్‌ల జవాబులు మనకు నచ్చనక్కర్లేదు. ప్రశ్న మటుకు అప్పు తెచ్చుకోవచ్చు, దానికి ఈఎంఐ ఉండదు.